ఆ తేదీ ఎవరు చెప్పారు?

వంశవృక్షాలు పెట్టే సైట్లలో ఏ కుటుంబం పేజీ తెరిచినా ముందుగా నా కళ్ళు తేదీల మీదికే పోతాయి. ఏడు తరాల వెనకటి ఒక రైతుకి, ఆయన భార్యకి, పసితనంలోనే పోయిన వాళ్ళ పిల్లలకి కూడా రోజు, నెల, సంవత్సరం నిండుగా వేసి ఉంటాయి. ఆధారం అన్న చోట నొక్కితే ఏమీ ఉండదు. లేదంటే ఇంకొకరి వంశవృక్షానికి లింకు ఉంటుంది, అందులోకి వెళ్తే మూడోవారిది, అక్కణ్ణుంచి తిరిగి మొదటివారిదే. ఇలా ఒకరి దాంట్లోంచి ఒకరు ఎత్తి రాసుకుంటూ పోగా ఆ తేదీ చాలా చోట్లకి పాకిపోతుంది, ఇన్ని చోట్ల ఉంది కదా నిజమే అయ్యుంటుందని కొత్తగా వచ్చినవాళ్ళు నమ్మేస్తారు.

ఒక రాజు పుట్టిన తేదీ తప్పు రాస్తే సరిదిద్దడానికి పదిమంది పండితులు లేస్తారు. ఒక మామూలు మనిషి తేదీ తప్పు రాస్తే అడిగేవాళ్ళే ఉండరు. ఆ మనిషి గురించి లోకంలో మిగిలినవి రెండు మూడు ముక్కలే, అందులో ఒకటి మనం చేజేతులా పాడుచేసినట్టవుతుంది. అందుకే నేను దీని మీద ఇంత పట్టుదలగా ఉంటాను. నా వాదన చిన్నదే: వంశవృక్షంలో రాసే ప్రతి తేదీ పక్కన అది ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాయాలి. అది రాయలేకపోతే ఆ తేదీ కూడా రాయకూడదు.

చాదస్తం అంటారని తెలుసు. కానీ మామూలు మనిషి తేదీ కాగితం మీదికి ఎలా ఎక్కుతుందో ఒక్కసారి చూడండి. చరిత్రలో ఎక్కువమంది తమ గురించి తాము ఏమీ రాసుకోలేదు. పుట్టినప్పుడు, పెళ్ళప్పుడు, ఇంటింటికీ లెక్క రాయడానికి వచ్చినప్పుడు, పొలమో ఇల్లో చేతులు మారినప్పుడు, పోయినప్పుడు మాత్రమే వాళ్ళ పేరు ఒక రిజిస్టరులోకి ఎక్కింది. ఎక్కిన ప్రతిసారీ ఒకరు చెప్పారు, ఇంకొకరు విని రాశారు. ఆ చెప్పినవాళ్ళకి ఎంత తెలుసు, రాసినవాళ్ళకి ఎంత ఓపిక ఉంది అన్నదాన్ని బట్టే మన చేతికొచ్చిన కాగితం విలువ.

మరణ ధ్రువపత్రమే తీసుకోండి. అందులో పోయిన తేదీని దాదాపు నమ్మొచ్చు, ఎందుకంటే చెప్పినవాళ్ళు ఒకటి రెండు రోజుల్లో వచ్చి చెప్పారు, మంచం పక్కన ఉన్నవాళ్ళే చెప్పారు. అదే కాగితం మీద వయసు ఉంటుంది, కొన్ని దేశాల్లో తల్లిదండ్రుల పేర్లుంటాయి. అవి చెప్పింది కొడుకో కోడలో పక్కింటివాళ్ళో. ఆ మనిషి పుట్టినప్పుడు వీళ్ళెవరూ అక్కడ లేరు. ఒకే కాగితంలో ఒక గడి గట్టిది, పక్క గడి వినికిడి మాట. ఇంగ్లండులో జనన మరణాల ప్రభుత్వ నమోదు 1837 జులైలో మొదలైంది, అయినా 1969 దాకా అక్కడి మరణ పత్రాల్లో పుట్టిన తేదీ అన్న గడే లేదు, వయసు మాత్రమే అడిగేవారు. స్కాట్లండు 1855లో మొదలుపెట్టినప్పుడు ఆ ఒక్క ఏడాదీ ఎన్ని వివరాలు అడిగిందంటే గుమాస్తాల వల్ల కాక మరుసటి ఏడే చాలా గడులు తీసేశారు. కానీ తల్లి పుట్టింటి పేరు అడగడం మాత్రం మరణ పత్రాల్లో నిలబెట్టుకున్నారు, ఆ ఒక్క గడి పుణ్యమా అని ఈరోజుకీ స్కాట్లండు వంశాలు వెతకడం ఇంగ్లండు వంశాల కంటే తేలిక.

జనన పత్రం అయితే తిరుగులేదు కదా అంటారు. అక్కడా ఒక మెలిక ఉంది. ఇంగ్లండులో బిడ్డ పుట్టిన 42 రోజుల్లోపు నమోదు చేయించాలి. మొదట్లో చేయించకపోయినా పట్టించుకునేవాళ్ళు లేరు కాబట్టి చాలామంది పిల్లలు నమోదే కాలేదు. 1874 చట్టంతో ఆ బాధ్యత తల్లిదండ్రుల మీద పెట్టి, చేయకపోతే జరిమానా అన్నారు. గడువు దాటిపోయిన తండ్రి ఏం చేస్తాడు? బిడ్డ అసలు రోజు కంటే కాస్త ఆలస్యంగా పుట్టినట్టు చెప్తాడు. ఇంట్లో ఉన్న బైబిలు పేజీలో తల్లి రాసుకున్న తేదీకీ ప్రభుత్వ కాగితానికీ రెండు మూడు వారాల తేడా వస్తే ఎవరిని నమ్మాలి? నేనైతే తల్లి రాసుకున్నదే నమ్ముతాను, ఆమెకు ఆ తేదీ మార్చాల్సిన అవసరం లేదు. కానీ అది ఆ రోజుల్లోనే రాసిందా, పిల్లలంతా పెద్దయ్యాక ఒకే విడతలో ఒకే సిరాతో అందరివీ రాసిందా అన్నది కూడా చూస్తాను.

వయసుల సంగతి ఇంకా పెద్ద కథ. 1841లో ఇంగ్లండులో జనగణన చేసినవాళ్ళకు ఇచ్చిన ఆదేశమే ఏమిటంటే, 15 దాటినవాళ్ళ వయసును అయిదు చొప్పున కిందికి దించి రాయమని. 39 ఏళ్ళవాడు 35 అవుతాడు. ఆ సంగతి తెలియక 1841లోంచి 35 తీసేసి పుట్టింది 1806 అని రాసేసినవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఎవరూ ఆదేశాలివ్వని చోట కూడా జనం వయసు అడిగితే యాభై, అరవై, అరవై అయిదు అని గుండ్రంగానే చెప్తారు. ఇది ఎంత మామూలు విషయమంటే జనాభా శాస్త్రంలో దీన్ని కొలవడానికి విపుల్ సూచిక అని ఒకటుంది: అందరూ అసలు వయసు చెప్పిన సమాజానికి 100, అందరూ సున్నాతోనో అయిదుతోనో ముగిసే వయసులే చెప్పిన సమాజానికి 500. పుట్టిన తేదీ తెలియని శరణార్థులకు కొత్త దేశంలో కాగితాలిచ్చేటప్పుడు జనవరి 1 వేసేయడం మామూలు. బడిలో చేర్చేటప్పుడు చేర్చుకునే మాస్టారే ఒక తేదీ వేసి, ఆ మనిషి జీవితాంతం దానితోనే ఉద్యోగం చేసి రిటైరవడం మనకి తెలియనిది కాదు. ఆ తేదీ అబద్ధం అని కొట్టిపారేయకండి. అది ఆయన అధికారిక తేదీ, ఆయన జీవితాన్ని నడిపిన తేదీ, కాబట్టి దాన్నీ రాయాలి. పక్కన 'బడి రిజిస్టరు ప్రకారం' అని మాత్రం చేర్చాలి.

గొప్పవాళ్ళకి కూడా ఈ చిక్కు తప్పలేదు. సంగీతకారుడు బీథోవెన్‌కు 1770 డిసెంబరు 17న బాప్టిజం ఇచ్చినట్టు బాన్ నగరంలో చర్చి రిజిస్టరు ఉంది. అది బాప్టిజం తేదీ, పుట్టిన తేదీ కాదు, పుట్టిన తేదీ ఎక్కడా రాసి లేదు. ఆయన మాత్రం తాను 1770లో పుట్టలేదనీ కొన్నేళ్ళ తర్వాత పుట్టాననీ చాలాకాలం నమ్మాడు. 1810లో బాల్యమిత్రుడికి ఉత్తరం రాసి తన బాప్టిజం పత్రం తెప్పించి పెట్టమని అడిగాడు, అడుగుతూ ఒక జాగ్రత్త చెప్పాడు: నాకంటే ముందు ఒక అన్న ఉండేవాడు, వాడి పేరూ లుడ్విగ్గే, వాడు పోయాడు, నా వయసు తేల్చాలంటే ముందు వాడి పత్రం ఏదో నా పత్రం ఏదో చూడాలి అని. ఆ అన్న నిజంగానే ఉన్నాడు. 1769 ఏప్రిల్లో బాప్టిజం, కొద్ది రోజులకే మరణం. అయితే పత్రం 1770 అని వచ్చాక కూడా బీథోవెన్‌కు నమ్మకం కుదరలేదు. ఆ అనుమానం నాకు చాలా ఇష్టం. చివరికి పొరబడ్డాడు, కానీ అడిగిన ప్రశ్న సరైనది: ఈ కాగితం నాదేనా, ఇదే పేరున్న ఇంకొకరిదా?

పోయిన బిడ్డ పేరునే తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టడం ప్రపంచంలో చాలా చోట్ల ఉండేది. చిత్రకారుడు వాన్ గో 1853 మార్చి 30న పుట్టాడు. సరిగ్గా ఏడాది ముందు, 1852 మార్చి 30న, వాళ్ళమ్మకు చనిపోయి పుట్టిన బిడ్డ పేరూ విన్సెంటే. ఒక గ్రామంలో ఒకే పేరు, ఒకే తండ్రి, ఏడాది తేడా. పోయిన పెద్దవాడి కాగితాన్ని బతికిన చిన్నవాడిది అనుకోవడం ఎంతో తేలిక. జపాన్‌కు చెందిన షిగెచియో ఇజుమి 1986లో పోయినప్పుడు ఆయన వయసు 120 అని ప్రపంచమంతా రాసింది. తర్వాత ఆయనకు ఆధారంగా చూపిన కాగితం ముందే పోయిన అన్నది కావచ్చన్న అనుమానం బలపడి ఆ రికార్డును పక్కనపెట్టారు. ఇంత ప్రచారమున్న మనిషి విషయంలోనే ఇలా ఉంటే, మన పూర్వీకుడి పేరుతో ఒక కాగితం దొరగ్గానే సంబరపడిపోవడానికి లేదు. ఆ పేరుగల పిల్లవాడు చిన్నతనంలోనే పోయినట్టు అదే రిజిస్టరులో ఏమైనా ఉందా అని ముందు వెతకాలి.

దీనికి ఎదురుగా జాన్ కల్మాన్ ఉంది. ఫ్రాన్స్‌లో ఆర్ల్ పట్టణంలో 1875 ఫిబ్రవరి 21న పుట్టి 1997 ఆగస్టు 4న పోయింది, 122 ఏళ్ళు. ఆమె రాణీ కాదు, రచయిత్రీ కాదు, బతికినన్నాళ్ళు బతకడమే ఆమె ప్రసిద్ధి. ఆ వయసును నమ్మింది ఒక్క జనన పత్రం చూసి కాదు. వరసగా వచ్చిన జనగణనల్లో ఆ ఇంట్లో ఆ వయసుతో ఆమె ఉందా, పెళ్ళి కాగితంలో తల్లిదండ్రులు వాళ్ళేనా అని కాగితం తర్వాత కాగితం గొలుసుగా కలిపి చూసుకున్నారు. 2018లో రష్యా పరిశోధకులు ఆ గొలుసును ప్రశ్నించారు, ఎప్పుడో పోయింది తల్లి, ఆమె పేరుతో బతికింది కూతురు అన్నారు. దానికి సమాధానాలూ వచ్చాయి, ఎక్కువమంది పరిశోధకులు మొదటి లెక్క వైపే ఉన్నారు. ఆ వాదన జరగడం మంచిదే. ఆధారాలు బయట పెట్టారు కాబట్టే వాదించగలిగారు.

కాగితం నిజమైనదే, మనిషీ ఆయనే, అయినా తేదీ తప్పిపోయే దారి ఇంకొకటుంది: క్యాలెండరు. 1582లో, ఇప్పుడు మనం వాడుతున్న గ్రెగోరియన్ లెక్క కొత్తగా వచ్చినప్పుడు కొన్ని దేశాల్లో అక్టోబరు 4 తర్వాతి రోజు 15 అయింది. ఇంగ్లండు 1752 దాకా ఒప్పుకోలేదు, అప్పుడు సెప్టెంబరు 2 తర్వాత 14 వచ్చింది. అంతకు ముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మొదలయ్యేదే మార్చి 25న. అంటే 1731 ఫిబ్రవరి అని రిజిస్టరులో ఉంటే మన లెక్కలో అది 1732. జార్జి వాషింగ్టన్ పుట్టిన రోజు పాత లెక్కలో 1731 ఫిబ్రవరి 11, కొత్త లెక్కలో 1732 ఫిబ్రవరి 22. ఆయనకు సరిదిద్దేవాళ్ళున్నారు. అదే నెలలో పుట్టిన ఒక కూలివాడి బిడ్డ మాత్రం తల్లిదండ్రుల పెళ్ళికి ముందే పుట్టినట్టు ఇప్పటికీ ఎన్నో వంశవృక్షాల్లో కనిపించొచ్చు. రష్యా 1918లో మారింది, జనవరి 31 తర్వాత ఫిబ్రవరి 14. ఫ్రాన్స్ విప్లవం తర్వాత పన్నెండేళ్ళకు పైగా నెలల పేర్లే వేరు. హిజ్రీ సంవత్సరానికి 354 రోజులే, అందులో 66 ఏళ్ళంటే మన లెక్కలో 64. కొరియా పాత లెక్కలో బిడ్డ పుట్టగానే ఒక ఏడు, కొత్త సంవత్సరం రాగానే ఇంకో ఏడు, అంటే డిసెంబరు చివర్లో పుట్టిన పసివాడికి వారంలో రెండేళ్ళు. అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చే సంవత్సరాల పేర్లలో ప్రభవ 1927లోనూ వచ్చింది, 1987లోనూ వచ్చింది, ఒక తరం ముందుకో వెనక్కో జారడానికి అంత చాలు. అందుకని నేను చెప్పేది, కాగితంలో ఏ లెక్కలో ఉందో ముందు అలాగే రాసిపెట్టుకోండి, మార్చిన తేదీని పక్కన వేరేగా వేయండి. మార్చి పడేసి అసలుదాన్ని వదిలేస్తే, మనం ఎలా మార్చామో తర్వాత వచ్చేవాళ్ళకి తెలియదు.

మరి తేదీయే లేనివాళ్ళ సంగతి? అసలు పని అక్కడే ఉంది, నాకు ఈ పనిలో అన్నిటికంటే నచ్చిన భాగమూ అదే. తేదీ లేకపోయినా హద్దులు ఉంటాయి. 'దీని తర్వాత, దానికి ముందు' అని రెండు వైపుల నుంచీ దగ్గరికి జరుపుకుంటూ రావాలి.

మా తాతయ్య వాళ్ళ అమ్మకు జనన పత్రం లేదు, మరణ పత్రం లేదు. దూరపు బంధువు ఒకరు పెట్టిన వంశవృక్షంలో ఆమెకు 1900 జనవరి 1 అని ఉంది. ఎక్కడిదని అడిగితే సైటు ఖాళీ ఒప్పుకోలేదు అందుకని వేశాం అన్నారు. నా దగ్గర ఉన్నవి చెప్తాను. ఆమె పెద్ద కొడుకు బడి రిజిస్టరులో 1923. ఆఖరి కూతురిది 1934. 1936లో ఒక అమ్మకం దస్తావేజు మీద మైనరు పిల్లల తరఫున ఆమె వేలిముద్ర ఉంది, అందులో భర్త పేరుకి ముందు కీర్తిశేషులు అని ఉంది. కాబట్టి ఆయన 1936కి ముందే పోయాడు, ఆఖరి బిడ్డను బట్టి 1933 దాకా ఉన్నాడు. చూడండి, ఆమె కోసం వెతుకుతుంటే ఆయన మరణం మూడేళ్ళ మధ్యకు వచ్చేసింది, అంతకు ముందు దాని గురించి మాకు ఒక్క ముక్క తెలియదు. ఇక ఆమె: 1934లో బిడ్డను కన్నది కాబట్టి అప్పటికి 45 దాటి ఉండే అవకాశం తక్కువ, అంటే 1889కి ముందు పుట్టి ఉండదు. పెద్ద కొడుక్కి ముందు ఇద్దరు పిల్లలు పోయారని ఆమె చెప్పేదట. ఈ మాట నాకు చెప్పింది ఆమె కోడలు, ఆమె దగ్గరే విన్నది. ఆ లెక్కన మొదటి కాన్పు 1920కి కాస్త అటూ ఇటూ, అప్పటికి పదిహేనేళ్ళైనా ఉండి ఉంటాయి కాబట్టి పుట్టుక 1905కి ఇవతల ఉండదు. ఆమె అన్నకు ఉద్యోగం కాగితాల్లో 1893 ఉంది, ఆమె ఆయనకంటే చిన్నది. ఆ 1893 కూడా ఎవరో వేసిన తేదీయే కావచ్చు కాబట్టి ఒకటి రెండేళ్ళు సడలించి పెట్టుకున్నాను. పోయింది 1959లో, తాతయ్య 1961లో రాసిన ఉత్తరంలో 'అమ్మ పోయి రెండేళ్ళు కావస్తోంది' అని ఉంది. అంతే. నా దగ్గర ఆమె పేరు కింద ఉన్నది 1892 నుంచి 1905 మధ్య జననం, 1959 మరణం, దాని కింద అర పేజీ వివరణ.

1900 జనవరి 1 కంటే ఈ అర పేజీ నాకు వెయ్యి రెట్లు విలువైనది. ఇందులో ఆమె భర్తను పోగొట్టుకుంది, ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకుంది, పిల్లల కోసం పొలం అమ్మింది. ఆ గుండ్రటి తేదీలో ఆమె లేదు. రేపు ఎక్కడో ఒక పెళ్ళి కాగితమో ఇంకేదో దొరికితే నా హద్దులు ఇంకొంచెం దగ్గరవుతాయి. 1900 అని వేసేసినవాళ్ళకు వెతకాలన్న ఆలోచనే రాదు, పని అయిపోయిందనుకుంటారు.

ఇంకో మాట. తేదీలు ఎవరికి లేవో చూస్తే అది యాదృచ్ఛికంగా జరిగింది కాదని ఇట్టే అర్థమవుతుంది. అమెరికా జనగణనలో 1850 నుంచి స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరూ రాశారు. అదే 1850లో, 1860లో బానిసలకు వేరే పట్టికలు పెట్టారు, అక్కడ దాదాపు ఎవరికీ పేరు లేదు. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు. అందుకే ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాల్లో చాలామందికి 1870 జనగణనే పేరుతో కనిపించే మొదటి కాగితం, అంతకు వెనక్కి పోవాలంటే యజమాని వీలునామాలు, అప్పుల పత్రాలు, అమ్మకపు రసీదులు వెతకాలి. సొంత ముత్తాతను ఇంకొకరి ఆస్తి జాబితాలో వెతుక్కోవాల్సి రావడం ఎలా ఉంటుందో ఊహించండి. మన దేశంలో 1951–52 తొలి సాధారణ ఎన్నికల జాబితాల తయారీలో చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు, ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అనే చెప్పారు. అలాంటి పేర్లు దాదాపు 28 లక్షలు జాబితాల్లోంచి తీసేశారు. బతికున్న మనుషులు, ఓటుహక్కున్న మనుషులు, కాగితం మీద లేకుండా పోయారు.

ఒప్పంద కూలీలుగా సముద్రాలు దాటినవాళ్ళ సంగతి దీనికి తిరగబడిన కథ. 1834 నుంచి మారిషస్‌కు, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, 1879 నుంచి ఫిజీకి వెళ్ళినవాళ్ళకి ఓడ ఎక్కేముందు ఒక పాసు రాశారు: పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీది గుర్తులు. వాళ్ళ మీద ప్రేమతో రాసింది కాదు, పారిపోతే పట్టుకోవడానికి, జీతం లెక్కలకి రాసింది. కానీ ఊళ్ళో ఉండిపోయిన అన్నదమ్ములకు ఒక్క కాగితం లేని చోట, వెళ్ళిపోయిన ఈ మనిషికి నుదుటి మీద మచ్చతో సహా నమోదు ఉంది. మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది, నేటాల్‌కు మనవాళ్ళను తీసుకెళ్ళిన మొదటి ఓడ అదే. ఆ పాసుల్లోని పేర్లను గుమాస్తాలు తమ చెవికి తోచినట్టు ఇంగ్లీషులో రాశారు, కాబట్టి కళ్ళతో చదివితే దొరకవు. గట్టిగా పైకి చదివి, ఏ తెలుగు పేరు ఇలా వినిపించి ఉంటుందో ఆలోచించాలి. వయసులు ఎప్పట్లాగే 20, 25, 30.

కాగితాలు ఉండి పోయినవీ ఉన్నాయి. 1922 జూన్ 30న డబ్లిన్‌లో ఐర్లండ్ ప్రభుత్వ దస్తావేజుల భవనం అంతర్యుద్ధంలో పేలి తగలబడింది, 1821 నుంచి 1851 దాకా జనగణనలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. 1871లో పారిస్ మంటల్లో నగరం జనన మరణాల రిజిస్టర్లు పోయాయి. అమెరికా 1890 జనగణన 1921 అగ్నిప్రమాదంతో దాదాపుగా లేకుండా పోయింది. అయినా వెతికేవాళ్ళకి ఎక్కడో ఒక చోట తునకలు దొరుకుతూనే ఉన్నాయి. ఐర్లండులో 1909 నుంచి 70 దాటిన పేదలకు పింఛను ఇవ్వడం మొదలైంది. అక్కడ జననాల నమోదు మొదలైందే 1864లో, కాబట్టి ముసలివాళ్ళ దగ్గర వయసుకు రుజువు లేదు. చిన్నప్పుడు మేం ఈ ఇంట్లో ఉన్నాం, చూడండి అని 1841, 1851 జనగణనల్లో వెతికించుకున్నారు. జనగణన కాలిపోయింది, ఆ వెతుకులాట కాగితాలు మిగిలాయి. పేదరికం వల్ల ఒక ముసలమ్మ పెట్టుకున్న అర్జీ ఇప్పుడు ఆమె తల్లిదండ్రుల పేర్లకు ఏకైక ఆధారం. ఇలాంటివి చదివినప్పుడల్లా ఊహించి నింపేవాళ్ళ మీద నాకు ఇంకా కోపం వస్తుంది.

వెనక్కి ఎంత దూరం పోయాం అన్న పోటీ కూడా నాకు నచ్చదు. పది తరాలు వెనక్కి పోతే 1,024 మంది, ముప్పై తరాలకు లెక్క 107 కోట్లు దాటుతుంది. అన్ని వందల ఏళ్ళ కిందట భూమ్మీద అంత జనమే లేరు, అంటే ఒకే మనిషి మన చెట్టులో ఎన్నో చోట్ల మళ్ళీ మళ్ళీ వస్తాడు, అందరి చెట్లలోనూ వస్తాడు. చార్లెమేన్ చక్రవర్తి మా పూర్వీకుడు అని యూరప్‌లో ఎవరైనా చెప్తే అది దాదాపు నిజమే, ఎందుకంటే ఆయన అక్కడి అందరికీ పూర్వీకుడే అయ్యుంటాడని గణితం చెప్తోంది. రాజుగారి దాకా పోవాలన్న తొందరలో మధ్యలో ఉన్న పాతిక మంది పేరుకి మాత్రమే మిగిలిపోతారు. దానికి బదులు ఒక్క మనిషిని తీసుకుని పూర్తిగా వెతకండి. ఫ్రాన్స్‌లో ఒక చరిత్రకారుడు అలాగే చేశాడు. ఆర్కైవులో కావాలని ఏ ప్రత్యేకతా లేని పేరు ఒకటి తీసుకున్నాడు: లూయీ ఫ్రాంస్వా పినగో, 1798లో పుట్టి 1876లో పోయిన చెక్కబూట్ల పనివాడు, అడవి అంచున బతికిన పేదవాడు, చదువు రానివాడు. ఆయన రాసింది ఒక్క వాక్యం లేదు. కానీ పన్నులు, అడవి కేసులు, సైన్యం జాబితాలు, పొరుగువాళ్ళ కాగితాలు అన్నీ కలిపితే ఆయన ఏం చూసి ఉంటాడో, ఎవరికి భయపడి ఉంటాడో కొంత తెలిసింది.

ఆ పొరుగువాళ్ళ కాగితాలు అన్న ముక్క ముఖ్యం. మన మనిషి కాగితంలో లేకపోతే ఆయన సాక్షి సంతకం చేసిన కాగితాలు, ఆయన తమ్ముడి పెళ్ళి, ఆయన హద్దు పొలంవాడి దస్తావేజు చూడాలి. తూర్పున ఫలానావారి పొలం అని 1912లో రాసి, 1915లో అదే పొలం ఫలానావారి కొడుకులది అని రాస్తే మధ్యలో ఒక మరణం ఉండే అవకాశం ఎక్కువ.

డీఎన్‌ఏ పరీక్ష గురించి ఎక్కువ చెప్పను. ఇద్దరు మనుషులు దగ్గర చుట్టాలా కాదా అన్నది అది బాగా చెప్తుంది, పినతండ్రి పెదతండ్రి పిల్లల మధ్య సగటున ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటుంది. తేదీలు అది చెప్పదు, పేర్లు చెప్పదు. పైగా మీరొక్కరు ఇస్తే మీ తోబుట్టువుల సమాచారం కూడా ఇచ్చినట్టే, 2023లో ఒక పెద్ద సంస్థ నుంచి దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పొక్కాయి. ఇంట్లోవాళ్ళను అడిగి చేయించుకోండి.

ఇంటి కథల విషయంలో మాత్రం నన్ను కఠినుడని అనుకోకండి. అమెరికాలో ఎన్నో కుటుంబాలు, వలస వచ్చినవాళ్ళను తనిఖీ చేసిన ఎలిస్ దీవిలో అధికారులు మా పేరు మార్చేశారని చెప్పుకుంటాయి. అక్కడ అధికారులు కొత్తగా పేర్లు రాయలేదు, ఓడ బయల్దేరిన రేవులో రాసిన జాబితానే ముందు పెట్టుకుని సరిచూశారు, చాలామంది పేర్లు తర్వాత వాళ్ళే మార్చుకున్నారు. అయినా ఆ కథ తీసేయమని నేను అనను. ఎవరు చెప్పారో వాళ్ళ పేరుతో ఆ కథను ఉంచండి. కాగితం ఏం చెప్తోందో దాని కింద పెట్టండి. రెండూ ఉంటేనే ఆ కుటుంబం తనను తాను ఎలా చూసుకుందో తెలుస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్ళను అడగబోయేవాళ్ళకు నా సలహా ఒకటే. 'ఎప్పుడు పుట్టావు' అని అడగకండి, గుండ్రటి అంకె వస్తుంది. నీ పెళ్ళికి మీ నాన్న ఉన్నారా, చెల్లి పుట్టినప్పుడు మీరు ఏ ఇంట్లో ఉన్నారు, యుద్ధం వార్త విన్నప్పుడు నువ్వు బడికి పోతున్నావా అని అడగండి. మనుషులకు సంవత్సరాలు గుర్తుండవు గానీ ఏది ముందు ఏది తర్వాత అన్నది బాగా గుర్తుంటుంది. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, దిద్దకుండా రాసుకోండి, తప్పని తెలిసినా సరే. ఆ కాగితం మీద ఆ మాట చెప్పినవారి పేరు, మీరు అడిగిన తేదీ వేయండి. బతికున్నవాళ్ళ పుట్టిన తేదీలు, తల్లుల పుట్టింటి పేర్లు నెట్‌లో పెట్టకండి, బ్యాంకులు ఇంకా ఆ ప్రశ్నలే అడుగుతున్నాయి. తేదీ గడి ఖాళీగా వదిలితే ఒప్పుకోని సైటు అయితే దానికి తేదీ సమర్పించుకోవడం కంటే ఆ సైటు మానేసి మామూలు నోట్‌బుక్కులో రాసుకోవడం మేలు, అందులో '1892–1905 మధ్య' అని ఎంత పొడుగ్గా అయినా రాసుకోవచ్చు.